ఇంటినిండా మనుషులున్నా ఆయన ఒంటరిగానే ఉన్నారు

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూడండి. మీవారు పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి, నాలుగు నెలల కిందట పెన్షన్ మీద పాలకొల్లు దగ్గరున్న మీ ఊరు వచ్చేశారు. చివరి రెండేళ్లు కశ్మీరులో, ఉగ్రవాదులతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్ దళంలో ఉన్నారు. అక్కడ ఆయన కళ్లముందే వాహనం పేలి తోటివాడు పోయాడు. ఇప్పుడు రాత్రి రెండింటికి లేచి కాలువగట్టు మీద కూర్చుంటున్నారు. రొయ్యల చెరువు దగ్గర జనరేటరు ఒక్కసారిగా మొదలైతే చెమటలు పడుతున్నాయి. పెళ్లిళ్లకు రారు, బాబును దగ్గరకు తీసుకోరు, చిన్న మాటకే విరుచుకుపడతారు. మీ అత్తగారు "పదిమందిలో ఉంటే అదే సర్దుకుంటుంది" అని రోజూ చుట్టాలను పిలుస్తున్నారు. అలా చేస్తే తగ్గుతుందా, లేక డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలా అన్నది మీ ప్రశ్న.

డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. చుట్టాల రాకను తగ్గించండి. మీ అత్తగారి ఆలోచనలో సగం నిజం ఉంది. యుద్ధరంగం నుంచి వచ్చినవాడు కోలుకోవడానికి మనుషుల అండ చాలా అవసరం, నా అనుభవంలో మందులకంటే తక్కువదేమీ కాదు. కానీ ఎంతమంది వచ్చి వెళుతున్నారన్న లెక్కకూ ఆ అండకూ పెద్దగా సంబంధం లేదు. తనను ఏమీ అడగకుండా పక్కన కూర్చోగలిగే మనిషి ఒకరు, తను చెబితే బెదిరిపోకుండా వినగలిగే మనిషి ఒకరు, తనలాగే అక్కడ ఉండి వచ్చినవాడు ఒకరు, ఈ ముగ్గురు దొరికితే ముప్పైమంది చుట్టాలు చేయలేని పని జరుగుతుంది.

నేను మిలిటరీ నర్సింగ్ సర్వీసులో ఇరవై రెండేళ్లు చేశాను. అందులో తొమ్మిదేళ్లు మానసిక వైద్య వార్డుల్లోనే. రిటైరయ్యాక రాజమహేంద్రవరంలో ఒక మానసిక వైద్యురాలి దగ్గర కౌన్సెలింగ్ చేస్తున్నాను. గోదావరికి ఇటు అటు ఉన్న జిల్లాల నుంచి మాజీ సైనికుల కుటుంబాలు వస్తుంటాయి. నేను డాక్టరును కాను, మీవారిని చూడలేదు, కాబట్టి ఆయనకు ఫలానా జబ్బు అని చెప్పలేను. మీరు రాసిన లక్షణాలు మాత్రం నాకు బాగా తెలిసినవి. కింద చెప్పే మనుషుల ఊళ్లు, వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

మొదట జబ్బు సంగతి. దీన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు, క్లుప్తంగా పీటీఎస్‌డీ. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లోనే వైద్యులు దీన్ని షెల్ షాక్ అని రాశారు. ఇప్పటి పేరు 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో చేరింది. వాళ్ల ఇప్పటి లెక్క ప్రకారం లక్షణాలు నాలుగు రకాలు. జరిగినది పీడకలగానో, మెలకువలోనో మళ్లీ మళ్లీ ముందుకు రావడం ఒకటి. దాన్ని గుర్తుచేసే చోట్లనూ మాటలనూ తప్పించుకు తిరగడం రెండోది. మనసు మొద్దుబారడం, నేరం చేసినట్టు కుమిలిపోవడం, ఎవరినీ ప్రేమించలేకపోతున్నానని అనిపించడం మూడోది. ఎప్పుడూ కాపలాలో ఉన్నట్టు ఒళ్లంతా బిగుసుకుని ఉండడం, ఉలికిపాటు, కోపం, నిద్రలేమి నాలుగోది. ఇవి నెలకు మించి ఉండి, రోజువారీ బతుకును దెబ్బతీస్తుంటే జబ్బు అనుకోవాలి. మీవారి విషయంలో నాలుగు నెలలు దాటాయి. ఇంకా ఆగి చూద్దాం అనుకునే గడువు అయిపోయింది. సైన్యం నుంచి వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు రాదన్నది కూడా మీరు తెలుసుకోవాలి. వచ్చినవాళ్లు పిరికివాళ్లని అర్థం కాదు. నేను చూసినవాళ్లలో శౌర్య పతకాలు పొందినవాళ్లూ ఉన్నారు.

మీవారు బాబును దగ్గరకు తీసుకోకపోవడం మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిందని మీ రాతలో కనిపించింది. అది ఆ మూడో రకంలోకి వస్తుంది. ఒక హవల్దారు నాతో అన్నాడు, "మా పాపను ఎత్తుకుంటే నా చేతుల్లో ఇంకెవరో గుర్తొస్తున్నారు సిస్టర్" అని. ప్రేమ లేక కాదు తల్లీ, చేతులు భయపడుతున్నాయి.

ఇప్పుడు మీ అత్తగారికి ఎలా చెప్పాలో చూద్దాం. ఆవిడ 1996 నవంబరు 6 నాటి తుపాను చూసి ఉంటారు. ఆ రాత్రి చూసిన కోనసీమ పెద్దల్లో కొందరు ఈనాటికీ ఈదురుగాలి లేస్తే కొబ్బరిచెట్ల వంకే చూస్తూ కూర్చుంటారు, పడుకోరు. మన డెల్టాలో ఇది అందరికీ తెలిసిన విషయమే. "అత్తయ్యగారూ, ఆయనకు జనరేటరు చప్పుడు మీకు ఆ గాలి లాంటిది" అని చెప్పండి. నేను చాలామంది తల్లులకు ఇలాగే చెప్పాను. వెంటనే అర్థమైపోతుంది, జబ్బు పేరు చెప్పినా అంతగా అర్థం కాదు.

అయితే ఒక తేడా ఉంది, మీ ప్రశ్నకు అసలు జవాబు నాకు అందులోనే కనిపిస్తుంది. తుపాను ఊరందరికీ వచ్చింది. మర్నాడు ఎవరికీ ఎవరూ ఏమీ వివరించవలసిన పని లేదు. ఒకే కూడు తిన్నారు, ఒకే గుడి అరుగు మీద పడుకున్నారు, నెలల తరబడి అదే మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోనే చాలామంది మనసు కుదుటపడింది. మీవారికి జరిగినది మీ ఊళ్లో ఇంకెవరికీ జరగలేదు. అది జరిగినవాళ్లందరూ ఇప్పుడు ఒకడు శ్రీకాకుళంలో, ఒకడు బీహారులో, ఒకడు గఢ్వాల్‌లో ఉన్నారు. ఆయన తాడేపల్లిగూడెం స్టేషన్లో ఒక ట్రంకుపెట్టెతో ఒంటరిగా దిగారు.

ఈ ఒంటరిగా దిగడం చిన్న విషయం కాదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులను చాలావరకు విడివిడిగా పంపి, ఏడాది గడువు పూర్తవగానే విడివిడిగా విమానమెక్కించి ఇంటికి పంపేవారు. అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధంలో చాలా దళాలు ఓడల్లో రోజుల తరబడి కలిసి ప్రయాణించి ఇళ్లకు చేరాయి. దారిలో మాట్లాడుకున్నారు, ఏడ్చుకున్నారు. వియత్నాం నుంచి వచ్చినవాళ్లకు ఆ వ్యవధి దొరకలేదని, పైగా ఇంటిదగ్గర ఆదరణ కూడా కరువైందని ఆ తర్వాత చాలామంది వైద్యులు గుర్తించారు.

సైన్యంలో బడ్డీ అనే ఏర్పాటు ఉంటుంది, మీవారు చెప్పే ఉంటారు. ఇద్దరిద్దరుగా జత. ఒకడు నిద్రపోతే ఒకడు మేలుకుంటాడు. సాయంత్రం హాజరులో మనిషి లేకపోతే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. పదిహేడేళ్లు అలా బతికిన మనిషికి ఇంటికి రాగానే వెనక కాపు లేనట్టు అనిపిస్తుంది. అందుకే ఆయన గోడకు వీపు ఆనించి కూర్చుంటారు, గమనించారా?

ఇక పరిశోధనల మాట. 2000లో ఒక బృందం 77 అధ్యయనాలను కలిపి చూసింది. ఎవరికి పీటీఎస్‌డీ వస్తుంది, ఎవరికి రాదు అని నిర్ణయించే 14 అంశాలను తూచింది. చిన్ననాటి కష్టాలు, చదువు, వయసు లాంటి పాత విషయాలకంటే సంఘటన ఎంత తీవ్రంగా ఉంది, ఆ తర్వాత మనుషుల ఆసరా దొరికిందా లేదా, ఇంకా ఏమేం కష్టాలు వచ్చిపడ్డాయి అన్నవే ఎక్కువ బరువు తూగాయి. జరిగిపోయిన సంఘటనను మీరు మార్చలేరు. ఆ తర్వాతది మాత్రం ఇంకా మీ చేతుల్లో ఉంది. నేను ఈ పనిలో ఇన్నేళ్లు ఉండడానికి ఈ ఒక్క విషయమే కారణం అనుకోండి.

కానీ బండి రెండో వైపుకు కూడా నడుస్తుంది. 1991 గల్ఫ్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులను కొన్నేళ్ల తేడాతో రెండుసార్లు పరిశీలించారు. మొదటిసారి జబ్బు లక్షణాలు ఎక్కువగా ఉన్నవాళ్లకు, రెండోసారి చూసేసరికి మనుషుల అండ తగ్గిపోయి ఉంది. అంటే జబ్బే మనుషులను దూరం చేస్తుంది. కోపం, మౌనం, పిలిచినా రాకపోవడం చూసి మొదట స్నేహితులు, తర్వాత అన్నదమ్ములు, చివరికి భార్య కూడా "ఆయనకు మేమంటే ఇష్టం లేదు" అనుకుని తప్పుకుంటారు. అప్పుడు ఆయనకు "చూశావా, ఎవరూ లేరు" అనిపిస్తుంది. మీ మరిది మాట్లాడడం మానేశారని రాశారు. ఆయనతో మీరే మాట్లాడండి. అన్నయ్య పెళ్లిళ్లకు రాకపోవడం ఎవరినీ అవమానించడానికి కాదని చెప్పండి. ఆ ఒక్క తాడు తెగకుండా చూడడం ఇప్పుడు చాలా ముఖ్యం.

చుట్టాలను తగ్గించమని ఎందుకన్నానో చెబుతాను. వచ్చినవాళ్లు ఏం మాట్లాడతారు? "ఎంతమందిని చంపావు?" అంటారు. "పాకిస్తానువాళ్లను దగ్గరనుంచి చూశావా?" అంటారు. లేకపోతే "ఇప్పుడు హాయిగా ఉన్నావుగా, అవన్నీ మర్చిపో" అంటారు. మొదటి రెండూ గాయం మీద వేలు పెట్టడం. మూడోది నోరు మూయించడం, నాకు అదే ఎక్కువ భయం. చెప్పబోయిన మనిషిని రెండుసార్లు "వదిలెయ్" అంటే మూడోసారి నోరు తెరవడు. ఇంకొందరు రిటైరైనప్పుడు ఒకేసారి ఇచ్చే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బులు వచ్చాయని తెలిసి చెరువు లీజుకో చీటీకో అప్పు అడగడానికి వస్తారు. మన వైపు ఇది ఎంత మామూలో మీకు తెలుసు. ఇలాంటి రాకపోకలను అండ అనలేం. డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్లో వేశామని, ఏడాది దాకా కదపబోమని మీరే అందరికీ ఒకేసారి చెప్పేయండి. ఆయన ఒక్కొక్కరికీ లేదని చెప్పుకునే బాధ తప్పుతుంది.

సెలవుల్లో వచ్చినప్పుడు బాగానే ఉండేవారని, ఇప్పుడే ఇలా అయ్యారని మీ అనుమానం. సెలవు వేరు. రెండు నెలల్లో తిరిగి వెళ్లిపోతానని తెలిసినప్పుడు మనిషి అన్నీ అదిమిపెట్టుకోగలడు, ఇల్లు కూడా పండగలా ఉంటుంది. పెన్షన్ వచ్చాక వెళ్లవలసిన చోటు లేదు. అదిమినవన్నీ అప్పుడే పైకి వస్తాయి. సంఘటన జరిగిన ఆరు నెలల తర్వాత కూడా జబ్బు పూర్తి రూపం చూపించడం వైద్యులు గుర్తించినదే.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. రిటైరైన కొత్తలో అంబాజీపేట వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆయన అసలు మాట్లాడడం లేదన్నారు. మాట్లాడితే బరువు దిగుతుందని నేను నమ్మి, ఇంటిల్లిపాదినీ ఒక గదిలో కూర్చోబెట్టి, అందరి ముందూ జరిగింది చెప్పమని అడిగాను. ఆయన తల్లి ముఖం చూశారు, లేచి వెళ్లిపోయారు. అయిదు నెలలు మా గుమ్మం తొక్కలేదు. ఆ అయిదు నెలల్లో తాగుడు రెట్టింపైంది. ప్రమాదం జరిగిన వెంటనే మనిషిని ఒకే సిట్టింగులో కూర్చోబెట్టి అంతా చెప్పించడం జబ్బును ఆపదని పరిశోధనలు అప్పటికే తేల్చాయి. నేను చదివి కూడా పాటించలేదు. ఎవరితో, ఎప్పుడు, ఎంత చెప్పాలో ఆ మనిషి చేతిలోనే ఉండాలి. తల్లి ముందు అసలు చెప్పలేని సంగతులు ఉంటాయి.

దీనికి ఎదురుగా ఒక మేనమామను చూశాను. చదువు లేదు, నాలుగెకరాల కొబ్బరితోట ఉంది. మేనల్లుడు ఇలాగే అయిపోయి వస్తే ఆయన చేసింది ఒక్కటే. రోజూ తెల్లవారుజామున వచ్చి "తోటకు వెళుతున్నాను, వస్తావా?" అనేవాడు. రాకపోతే మర్నాడు మళ్లీ అడిగేవాడు, అలిగేవాడు కాదు. పదో రోజో పన్నెండో రోజో అబ్బాయి వెళ్లాడు. దింపు జరుగుతుంటే కాయల లెక్క రాయడం, వలుపు కూలీలకు డబ్బు లెక్కకట్టి ఇవ్వడం, ఇదే పని. రెండు నెలలు మామ ఒక్క ప్రశ్న అడగలేదు. ఒకరోజు గట్టు మీద కూర్చుని చద్దన్నం తింటుంటే అబ్బాయి తనంతట తానే మొదలుపెట్టాడట. మామ ఏమన్నాడని నేను అడిగాను. "ఏమంటానమ్మా, ఏమీ అనలేదు. వాడు ఆగేదాకా అక్కడే ఉన్నాను" అన్నాడు. ఆ అబ్బాయి ఆ మర్నాడే మందులు వాడడానికి ఒప్పుకున్నాడు.

ఇందులో మీరు చూడవలసినవి రెండు. పక్కపక్కన పని చేస్తున్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది, ఎదురెదురుగా కూర్చోబెడితే రాదు. రెండోది, ఆయనకు పని ఇవ్వడం. జాలిపడి అన్నీ మీరే చేసేయకండి. మీరు ఇప్పుడు బ్యాంకు, బజారు, బాబు బడి అన్నీ ఒక్కరే చూస్తున్నారని, ఆయనకు చప్పుడు పడదని టీవీ కూడా పెట్టడం లేదని రాశారు. ప్రేమతో చేస్తున్నారు, నాకు తెలుసు. కానీ ఇల్లంతా ఆయన భయం చుట్టూ తిరిగితే భయమే ఇంటి పెద్ద అవుతుంది. తప్పించుకున్న ప్రతి చోటూ మరింత ప్రమాదకరంగా కనిపిస్తుంది. కాబట్టి జనం తక్కువగా ఉండే వేళ చూసి, చిన్న చిన్న పనులు ఆయనకే వదలండి. ఉదయం ఆరింటికి పాల కేంద్రం, బాబును సైకిలు మీద బడి గేటు దాకా దింపడం, అలాంటివి.

ఏ పని ఇవ్వకూడదో కూడా చెప్పాలి. మన వైపు మాజీ సైనికుడనగానే రొయ్యల చెరువు రాత్రి కాపలాకు పిలుస్తారు. భీమవరం దగ్గర ఒకాయన చేరారు. మంచి జీతం, అలవాటైన పని, అందరూ సంతోషించారు. రాత్రంతా టార్చి పట్టుకుని ఒంటరిగా గట్ల మీద తిరగడం, ఏ చప్పుడైనా దొంగేమోనని చూడడం, పగలు ముక్కలు ముక్కలుగా నిద్రపోవడం. ఆయన శరీరం సరిహద్దు నుంచి ఇంటికి రానే లేదు. మూడు నెలల్లో పాడైపోయారు. చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల మోత మధ్య అడుగుల చప్పుడు వినబడక ఇంకా బెదిరిపోయేవారు. అదే యజమాని దగ్గర పగటిపూట మేత స్టాకు లెక్కల పనికి మారాక కొంత కుదుటపడ్డారు. మీవారికి అలాంటి కబురు వస్తే కనీసం ఆరు నెలలు వద్దనండి.

తోటి సైనికుల సంగతికి వస్తాను. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం పేరు మీకు తెలిసే ఉంటుంది, మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరు. అలాంటి ఊళ్లో తిరిగొచ్చినవాడికి అరుగు మీద కూర్చున్న తాతకు కూడా కొంత తెలుసు. మీ ఊళ్లో మీవారు ఒక్కరే. అందుకని వెతకాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనో మాజీ సైనికుల సంఘంలోనో అడిగితే మీ మండలంలో ఎవరున్నారో చెబుతారు. ఫోనులో ఆయన పాత కంపెనీవాళ్ల గ్రూపు ఉండే ఉంటుంది. గ్రూపులో శుభోదయాలు పంపుకోవడం కాకుండా, ఒక్కరితో నేరుగా మాట్లాడించండి. ఒక జాగ్రత్త, ఆ ఒక్కరు రోజూ సీసా తెరిచేవాడు కాకూడదు.

నాయక్ ర్యాంకులో పనిచేసిన ఒకతను ఉండేవాడు, రాజోలు వైపు. బడ్డీ పోయాడు, ఇతను బతికాడు. ఆ రోజు గస్తీలో ముందు నడవవలసింది తానేనని, కడుపునొప్పి అంటే బడ్డీ ముందుకు వెళ్లాడని ఏడేళ్లు ఎవరికీ చెప్పలేదు. బడ్డీది ఉద్దానంలో ఒక ఊరు. ఆ ఇంటికి వెళ్లే ధైర్యం లేదు. చికిత్స మొదలై నాలుగు నెలలయ్యాక, అదే ప్లటూన్లోని ఇంకొక అతను వచ్చి "ఈసారి వర్ధంతికి నేను వెళుతున్నాను, నువ్వూ రా" అన్నాడు. వెళ్లారు. ఆ తల్లి ఇతన్ని చూసి మొదట అడిగింది, "మా వాడు నీ గురించి ఫోనులో చెప్పేవాడు, ఇన్నేళ్లు ఎందుకు రాలేదు నాయనా?" అని. ఇతను అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. కడుపునొప్పి సంగతి ఆ సాయంత్రం ఆవిడకు చెప్పాడు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదట, తర్వాత అన్నం పెట్టిందట. ఇది విని మీవారిని రేపే ఆ ఇంటికి పంపకండి. ఇతను నాలుగు నెలల చికిత్స తర్వాత వెళ్లాడు, తోడుతో వెళ్లాడు, తనే వెళ్లాలనుకుని వెళ్లాడు. అలా కాకపోతే తిరగబడేది.

చికిత్స గురించి. మాటల ద్వారా చేసే చికిత్సలకు ఈ జబ్బులో గట్టి ఆధారాలు ఉన్నాయి. భయపెట్టే జ్ఞాపకాన్ని భద్రమైన చోట, మెల్లగా, పదేపదే ఎదుర్కొనేలా చేసేది ఒకటి, సుమారు 8 నుంచి 15 సిట్టింగులు. "నా వల్లే పోయాడు" లాంటి నమ్మకాలను విడదీసి చూసేది ఇంకొకటి, సుమారు 12 సిట్టింగులు. మందుల్లో సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటివి వాడతారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారం వికారం వస్తే "పడలేదు" అని మానేయకుండా డాక్టరుకు చెప్పండి. తగ్గాక కూడా ఒక్కసారిగా ఆపకూడదు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తేవద్దు, ఈ జబ్బుకు అవి మంచివి కావు, అలవాటుగా మారతాయి. మద్యం కూడా అంతే. కళ్లు మూతపడేలా చేస్తుంది, తెల్లవారుజాము నిద్రను చెడగొడుతుంది. కానీ రోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉంటే ఇంట్లో ఉన్నపళంగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చూస్తుండగా మాన్పించాలి.

ఎక్కడికి వెళ్లాలంటే, మాజీ సైనికుల ఆరోగ్య పథకం, ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటే ముందు దగ్గరి పాలీక్లినిక్కుకు వెళ్లి అక్కడి నుంచి మానసిక వైద్యుడికి రాయించుకోండి. కార్డు ఇంకా రాకపోతే దానికోసం ఆగకండి, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఇంటి నుంచే మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా చేయవచ్చు. ఆయన చేయనంటే మీరు చేయండి, మీ కోసమే చేయండి. సర్వీసు నాటి వైద్య కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టండి. జబ్బుకు సర్వీసే కారణమని తేలితే వైకల్య పెన్షన్‌కు అర్జీ పెట్టే దారి ఉంది, దాని గురించి సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

డాక్టరు అనగానే ఒప్పుకోరని మీ భయం. "మీకు పిచ్చి, చూపించుకోండి" అన్నట్టు వినబడకూడదు. చాలామంది నిద్ర కోసం వస్తారు. "నాలుగు నెలలుగా నిద్ర లేదు, ఒకసారి నిద్ర గురించి అడిగి వద్దాం, నేనూ వస్తాను" అనండి. అందులో అబద్ధం ఏమీ లేదు. మీ అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తానంటే దానిమీద గొడవ పెట్టుకోకండి. తాయెత్తు కట్టుకుని కూడా మందు వేసుకోవచ్చు. మందు మానేసి ఎక్కడికో తీసుకెళ్లి కట్టేస్తామంటే మాత్రం గట్టిగా అడ్డం పడండి.

రాత్రుల గురించి రెండు మాటలు. పీడకలలో ఉన్నప్పుడు ఆయన్ను తట్టి లేపకండి. మీకు మోచేయి తగిలిందని రాశారు, అది మిమ్మల్ని కొట్టడం కాదు, ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. మంచానికి కాళ్లవైపు, చేయి అందనంత దూరంలో నిలబడి పేరుతో పిలవండి, దీపం వేయండి, "మనింట్లో ఉన్నారు, పాలకొల్లు, నేనే" అని చెప్పండి. కొన్నాళ్లు బాబు వేరే గదిలో పడుకోవడం మంచిది. కాలువగట్టు మీద కూర్చుంటే వెంటపడి లాక్కురావద్దు. గుమ్మంలో దీపం వేసి ఉంచి, "టీ పెట్టాను" అని ఒక్కసారి పిలిస్తే చాలు. "మళ్లీ మొదలైందా?" అన్న మాట మాత్రం ఎంత విసుగొచ్చినా అనకండి. ఇంట్లో ఎప్పుడూ తప్పులెంచేవాళ్లు, సాధించేవాళ్లు ఉంటే చికిత్స ఫలితం కూడా తగ్గుతుందని పరిశోధకులు చూశారు, నేనూ చూశాను. మెలకువలో ఉండి, కావాలని కొడితే అది వేరే సంగతి. జబ్బు పేరు చెప్పి దాన్ని భరించకండి, బాబును తీసుకుని ఆ పూటే వేరే ఇంటికి వెళ్లండి.

పండగలు ఎలా అని అడిగారు. సంక్రాంతికి ఇంటినిండా జనం, భోగిమంట పొగ, టపాసులు, కోడిపందేల బరుల దగ్గర కేకలు. రావద్దని ముందే తేల్చేయకండి, మూడు రోజులూ ఉండాలని పట్టుబట్టకండి. ఏ పూట వస్తారో ఆయన్నే ఎంచుకోనివ్వండి. టపాసులు ఎప్పుడు కాలుస్తారో పిల్లలు ముందే వచ్చి చెప్పాలి, తెలిసి వినే చప్పుడు సగం చప్పుడే. భోజనాల దగ్గర గుమ్మం కనిపించే చోట కూర్చోబెట్టండి. ఇద్దరికీ తెలిసే ఒక సైగ పెట్టుకోండి, ఆయన సైగ చేస్తే ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఇద్దరూ లేచి వచ్చేయండి. నా దగ్గరకు వచ్చే ఒక జంట మొదటి ఏడాది కోనసీమలో సంక్రాంతికి జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లి పావుగంటలో తిరిగొచ్చారు. మూడో ఏడాది ప్రభలన్నీ చూసి సాయంత్రం వచ్చారు.

చివరగా, మీరు ఈ రాత్రే చేయవలసిన పని ఒకటి ఉంది. ఇంట్లోనూ చేలో గదిలోనూ ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ తీసి మీ మరిది ఇంట్లో తాళం వేసి పెట్టించండి. సెక్యూరిటీ ఉద్యోగం కోసం తుపాకీ లైసెన్సు తీసుకుందామని ఆయన అంటే ఇప్పుడు వద్దనండి. "నేను లేకపోతే మీరు హాయిగా ఉంటారు" లాంటి మాట ఎప్పుడన్నా అన్నారా అని ఆలోచించండి. అని ఉంటే సూటిగా అడగండి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అలా జరగదు. చాలామంది ఆ ప్రశ్న విని ఊపిరి పీల్చుకోవడం నేను చూశాను. అవునంటే ఆయన్ను ఒక్కరినీ వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ గురించి ఒక్క వాక్యమే రాశారు, "నేను బాగానే ఉన్నాను" అని. నాలుగు నెలలుగా రాత్రి రెండింటికి మీరూ మేలుకునే ఉన్నారు కదా తల్లీ. మీ అమ్మగారిది ఆచంట అన్నారు, దూరం కాదు. వారానికి ఒక పూట, మరిదినో ఆయన స్నేహితుణ్ణో ఇంట్లో ఉంచి, అక్కడికి వెళ్లి పడుకుని రండి. డాక్టరు దగ్గరకు వెళ్లివచ్చాక ఏం రాశారో, ఆయన ఏమన్నారో ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను.